జహీరాబాద్ మెట్ట పొలాలు: మహిళా రైతుల సేద్యం, హక్కు

దక్కన్ పీఠభూమి మెట్ట సేద్యంలో విత్తనం ఎంచి దాచడం మొదలుకొని, పెంట ఎరువు మోసి పొలానికి చేర్చడం, విత్తడం, కలుపు తీయడం, కోయడం, కళ్లంలో తూర్పారబట్టడం, గింజను గుమ్మిలో పోసి ఏడాది పొడవునా పురుగు పట్టకుండా కాపాడడం వరకు అధికభాగం పని స్త్రీలే చేస్తారు. అయినప్పటికీ పట్టాదారు పాసుపుస్తకంలోనూ, బ్యాంకు పంట రుణాల జాబితాలోనూ, నష్టపరిహారపు లెక్కల్లోనూ, మార్కెట్ యార్డులో ఇచ్చే తక్‌పట్టీలోనూ వారి పేరు అరుదుగా కనిపిస్తుంది. దేశంలో ఏదో ఒక పని చేస్తున్న గ్రామీణ స్త్రీలలో నూటికి 70 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారని ప్రభుత్వ కార్మిక సర్వేలు చెబుతుండగా, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీల పేరు మీద నడుస్తున్న సాగు కమతాలు నూటికి సుమారు 14 మాత్రమే. కమతం అంటే ఒకే కుటుంబం లేదా ఒకే వ్యక్తి నిర్వహణలో సాగయ్యే మొత్తం భూమి; అది ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు కమతమనీ, ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య ఉంటే చిన్నకారు కమతమనీ గణన లెక్కిస్తుంది. దేశంలోని కమతాలలో 86 శాతం ఈ రెండు తరగతుల్లోనే ఉన్నాయి. కనుక చిన్న రైతుకు చేయూత గురించి మాట్లాడడమంటే, పేరు నమోదు కాని ఈ స్త్రీ గురించి మాట్లాడడమే అవుతుంది.

సుస్థిర వ్యవసాయం అనే మాట ఈ మధ్యకాలంలో విస్తారంగా వినిపిస్తున్నది. నేల సారాన్ని, నీటిని, విత్తనాన్ని తరువాతి తరానికి తరిగిపోకుండా అందిస్తూ, సేద్యం చేసే కుటుంబానికి తిండినీ ఆదాయాన్నీ సమకూర్చే పద్ధతి అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. ఆ మాట వాడుకలోకి రాకముందే ఆ పనిని చేసి చూపిన ప్రాంతం ఒకటి తెలంగాణలో ఉంది. నేటి సంగారెడ్డి జిల్లాలో, అప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాద్ పట్టణానికి చేరువలోని పస్తాపూర్ కేంద్రంగా 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, చుట్టుపక్కల సుమారు 75 గ్రామాలలో దాదాపు 5 వేల మంది స్త్రీలను సంఘాలుగా కూడగట్టింది. వారిలో అత్యధికులు దళితులు, చాలామంది బడి ముఖం చూడనివారు, ఎకరం రెండెకరాలకు మించి నేల లేనివారు. సంస్థ స్థాపకులలో ముఖ్యుడైన పి.వి. సతీష్ మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి ఈ పల్లెలలో స్థిరపడ్డారు. 2023 మార్చిలో కన్నుమూసేవరకు చిరుధాన్యాల కోసమే శ్రమించారు. అయితే జహీరాబాద్ అనుభవంలో గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. బయటినుంచి వచ్చినవారు అక్కడి స్త్రీలకు సేద్యం నేర్పలేదు; వారికి అప్పటికే తెలిసిన సేద్యానికి విలువ కట్టే ఏర్పాటు చేశారు.

ఆ ఏర్పాటు ఏమిటో తెలియాలంటే ఆ నేల చరిత్ర కొంత చెప్పుకోవాలి. భూసంస్కరణల కాలంలో పేద కుటుంబాలకు దక్కిన భూములు చాలావరకు రాళ్లు తేలిన ఎర్రనేలలు. వాటిని బాగుచేసుకోవడానికి ఎడ్లు గానీ ఎరువు గానీ పెట్టుబడి గానీ లేక, పట్టా చేతిలో ఉన్నా భూమిని బీడు పెట్టి, అదే కుటుంబం పక్క ఆసామి పొలంలో కూలికి పోయే పరిస్థితి ఉండేది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో 2 రూపాయలకే కిలో బియ్యం పథకం మొదలయ్యాక పేదల ఇంట ఆకలి తీరిన మాట కాదనలేనిది. ఆ మేలును తక్కువ చేసి చూడడం అన్యాయమవుతుంది. కానీ చౌకగా బియ్యం దొరకడంతో జొన్న, కొర్ర, సజ్జ పండించే మెట్ట భూముల అవసరం మరింత తగ్గింది, పోషకాలున్న గింజ పళ్లెంలోంచి జారిపోయింది. బీడు నేల ఒకవైపు, ఎక్కడో కోస్తా డెల్టాలో నీటి కింద పండి వచ్చిన బియ్యం మరొకవైపు ఉండగా, మెట్ట ప్రాంతపు పేద స్త్రీ తన తిండి కోసం తన నేల మీద ఆధారపడడం మానవలసి వచ్చింది.

1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తోడ్పాటుతో ఈ సంఘాలు ఒక ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థను నిర్మించాయి. దాని నడక తేలికగా అర్థమవుతుంది. బీడు పడిన భూమిని సంఘం స్త్రీలే వెళ్లి చూసి, దున్నకానికి, పెంట ఎరువుకు, విత్తనానికి ఎంత ఖర్చవుతుందో నిర్ణయించి, ఆ మేరకు రైతుకు అప్పు ఇస్తారు. రైతు దానిని డబ్బుగా కాక జొన్నల రూపంలో కొన్నేళ్ల పాటు విడతలుగా తీరుస్తుంది. అట్లా వచ్చిన జొన్నలను ఊరిలోనే నిల్వచేసి, పనులు దొరకని, ఇంట గింజ నిండుకునే వానకాలపు నెలలలో నిరుపేద కుటుంబాలకు బజారు ధర కంటే తక్కువకు అమ్ముతారు. ఎవరు నిరుపేదలో తేల్చేది తహసీలు కార్యాలయం కాదు. ఊరందరి ఎదుట సంఘం స్త్రీలు, ఎవరి ఇంట సంపాదించే చేతులెన్ని, ఎవరికి నేల ఎంత, ఎవరు ఒంటరివారు అని చర్చించి నిర్ణయిస్తారు. ఈ విధంగా వేలాది ఎకరాల బీడు మళ్లీ సాగులోకి వచ్చింది. పండిన ఊరిలోనే గింజ నిల్వ ఉంది. రవాణా ఖర్చు లేదు, గోదాములో ముక్కిపోయిన సరుకు లేదు. ఒకే ఏర్పాటుతో కూలి పని, పశువులకు చొప్ప, పేదకు తిండి, నేలకు ఎరువు లభించాయి. దేశం ఆహార భద్రత గురించి ఆలోచించేటప్పుడు ఈ నమూనాకు ఇంకా దక్కవలసిన స్థానం దక్కలేదనే చెప్పాలి.

ఇక పొలంలోకి వెళితే, జహీరాబాద్ సేద్యానికి ప్రాణం మిశ్రమ పంటలు. ఒకే చెలకలో జొన్నతో పాటు కంది, పెసర, మినుము, అనుములు, నువ్వులు, గోగు కలిపి వేయడం అక్కడి ఆనవాయితీ. ఒక్క ఎకరంలో పది పన్నెండు రకాల పంటలు కనిపించడం వింతేమీ కాదు. ఇది చూడడానికి అడ్డదిడ్డంగా అనిపించినా, దీని వెనుక లెక్క ఉంది. పెసర, మినుము రెండు రెండున్నర నెలల్లో చేతికొచ్చి తొలి ఖర్చులకు ఆదుకుంటాయి. జొన్న నిటారుగా పెరుగుతుండగా, కంది మొదట మెల్లగా ఎదిగి, జొన్న కోశాక గుబురై, లోతైన వేళ్లతో కింది పొరల తేమను అందుకుంటుంది. దాని రాలిన ఆకు నేలకు ఎరువవుతుంది. పప్పుజాతి మొక్కల వేళ్ల మీది బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మార్చి నేలలో చేరుస్తాయి కనుక, యూరియా బస్తా కొనవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. వాన ముందుగా వెనుదిరిగితే ఒక పంట పోవచ్చు గానీ, అన్నీ పోవడం అరుదు. పంటల బీమా కట్టలేని కుటుంబానికి ఈ కలగలుపే బీమా.

యాసంగిలో నల్లరేగడి చేలలో పండించే కొన్ని పంటలకు ఆ ప్రాంతంలో సత్యం పంటలు అని పేరు. వానకాలం ముగిశాక నేలలో మిగిలిన తేమ మీద, రాత్రి కురిసే మంచు మీద ఆధారపడి తెల్ల జొన్న, శనగ, కుసుమ, అవిసె వంటివి బోరునీరు గానీ రసాయన ఎరువు గానీ లేకుండానే పండుతాయి. భూమి తన సత్యంతో పండించే పంటలని ఆ పేరుకు భావం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాఠాలలో ఈ మాట ఎంతవరకు చోటు సంపాదించిందో ఆలోచించుకోవలసిన విషయం, ఎందుకంటే బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన మెట్ట రైతులకు ఆ ఒక్క మాటలో ఎంతో శాస్త్రం ఉంది. అదే విధంగా ఎవరూ విత్తకుండానే చేలలో మొలిచే గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, దొగ్గలి, చెన్నంగి వంటి ఆకుకూరలు పేద ఇళ్లకు ఇనుము, కాల్షియం, విటమిన్లు అందించే వనరులు. కలుపు మందు చల్లే రైతు దృష్టిలో ఇవి కలుపు మొక్కలు; కలుపు తీయడానికి వెళ్లి సాయంత్రం కొంగున కూర కట్టుకొచ్చే స్త్రీ దృష్టిలో ఇవి ఆ పూట తిండి.

విత్తనం విషయంలో ఈ స్త్రీల నైపుణ్యం మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. కోతకు ముందే చేను తిరిగి, కంకి నిండుగా ఉన్న, తెగులు సోకని మొక్కలను గుర్తించి, వాటి గింజలను విడిగా ఎండబెట్టి, బూడిదతోనూ వేపాకుతోనూ కలిపి, ఎర్రమన్ను పేడ అలికిన వెదురు బుట్టల్లో పోసి మూసివేస్తారు. బూడిద గింజల మధ్య సందుల్ని నింపి పురుగుకు ఊపిరాడనివ్వదు. వేపాకు చేదు దానిని దరిచేరనివ్వదు. తెల్ల మల్లె జొన్న, పచ్చ జొన్న, సాయి జొన్న, అత్తకోడళ్ల జొన్న అని ఒక్క జొన్నలోనే ఎన్నో రకాలకు వారి దగ్గర పేర్లూ గుణాలూ ఉన్నాయి. ఏది రొట్టెకు మేలు, ఏది గటకకు మేలు, ఏది చొప్పకు మేలు అనే వివరం వారి నోటనే ఉంటుంది. సంఘాల విత్తన బ్యాంకులు ఎనభైకి పైగా పంట రకాలను కాపాడాయి. ఆ బ్యాంకు నియమం ఒక్కటే: తీసుకున్న విత్తనానికి రెట్టింపు పంట చేతికొచ్చాక తిరిగి ఇవ్వాలి. ఏటా సంక్రాంతి వేళ మొదలై సుమారు నెల రోజులు సాగే పాత పంటల జాతరలో ఈ విత్తనాలను అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగించి, ప్రతి ఊరిలోనూ సేద్యం గురించి సభ జరుపుతారు.

విత్తనం బయట కొనవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో తెలుగు నేలకు పత్తి చెప్పింది. 2002లో బీటీ పత్తి సాగుకు దేశంలో అనుమతి లభించిన వెంటనే వరంగల్ జిల్లాలో తొలి ఏళ్ల ఫలితాలను నమోదు చేసినవారిలో, ఈ సంఘాలలో కెమెరా పట్టడం నేర్చుకున్న స్త్రీలు ఉన్నారు. అక్షరం రాని స్త్రీలు పొలం పొలం తిరిగి, నష్టపోయిన రైతుల మాటలను చిత్రించి దేశదేశాలలో చూపించారు. విత్తనం చేజారిన రైతు దుస్థితి ఎలా ఉంటుందో విత్తనం దాచుకునే వారికే త్వరగా అర్థమై ఉంటుంది.

ఈ ప్రసంగం వెలువడుతున్న మాధ్యమమైన రేడియోకు కూడా ఈ స్త్రీలతో సంబంధం ఉంది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా సముదాయ రేడియో కేంద్రాలు నడుపుకొనే అవకాశం కల్పించింది. సముదాయ రేడియో అంటే ఒక చిన్న ప్రాంతపు ప్రజలే తమ భాషలో, తమ అవసరాల కోసం, లాభాపేక్ష లేకుండా నిర్వహించుకొనే ప్రసార కేంద్రం. ఆ అవకాశంతో జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్ గ్రామంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. ఐక్యరాజ్య సమితి ప్రకటించిన అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం మొదటిసారి జరిగినదీ ఆ రోజే. విత్తు ఎప్పుడు వేయాలో, ఏ తెగులుకు ఏ కషాయమో, ఏ కూర ఏ నొప్పికి మంచిదో తమ యాసలోనే, తమ పాటలతోనే చెప్పుకొన్న ఆ కేంద్రాన్ని దళిత స్త్రీలే నడిపారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాల కృషికి ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది.

జహీరాబాద్ ఒక్కటే ఉదాహరణ అనుకోనవసరం లేదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో పురుగుమందుల అప్పులతో, విషప్రభావంతో కుటుంబాలు చితికిపోయిన దశలో, 2000ల తొలి ఏళ్లలో మహిళా సంఘాలు పట్టుబట్టి మందులు లేని సేద్యానికి ఊరిని మళ్లించాయి. వేపగింజల కషాయం, పచ్చిమిరప వెల్లుల్లి కషాయం, మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు వాడారు. వేపగింజలు ఏరి పొడి కొట్టి అమ్మడం అదే ఊరి స్త్రీలకు ఆదాయమైంది. ఆ అనుభవం తరువాత మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా పెద్ద కార్యక్రమంగా విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నిర్వహిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా గ్రామ మహిళా సమాఖ్యల మీదే నిలబడి ఉంది. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గట్టు మన్ను కలిపి పులియబెట్టే జీవామృతం నేలలోని సూక్ష్మజీవులను పెంచుతుందని, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం తేమను నిలుపుతుందని ఆ పద్ధతి చెబుతుంది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం మరి ఇద్దరితో కలిపి లభించింది.

ఇన్ని మేళ్ల మధ్య ఒక కష్టాన్ని దాచడం న్యాయం కాదు. రసాయనాలు మానడమంటే బస్తా విప్పి చల్లే పని పోయి, పేడ ఎత్తడం, కషాయం కాచడం, వేపగింజలు దంచడం, చేత్తో కలుపు తీయడం వంటి పనులు పెరగడం. ఆ పనులు మళ్లీ స్త్రీల మీదనే పడతాయి. కొర్రలు, సామలు పొట్టు తీయడం రోకటితో గంటల తరబడి చేసే చాకిరీ. బియ్యపు మర ప్రతి ఊరిలో ఉండగా చిరుధాన్యాల మర చాలా ఊళ్లలో లేకపోవడం కూడా ఆ గింజ వంటింటికి దూరం కావడానికి ఒక కారణం. కనుక సుస్థిర సేద్యానికి ప్రభుత్వం ఖర్చు పెట్టదలచుకుంటే, శిక్షణ తరగతులకు ముందు మండలానికి కొన్ని చిన్న పొట్టు తీసే మరలు, స్త్రీల చేతికి అమరే తేలికైన కలుపు తీసే పనిముట్లు, కషాయాలు తయారుచేసి అమ్మే గ్రామ కేంద్రాలు కావాలి. నేల బాగుపడుతూ స్త్రీ నడుము విరిగితే ఆ పద్ధతి ఎన్నాళ్లు నిలుస్తుంది?

భూమి హక్కు సంగతి అంతకంటే బరువైనది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో వర్తించింది. దారి చూపిన రాష్ట్రంలోనే నేటికీ కట్నం పేరిట ఆడపిల్ల వాటా మాఫీ అయిపోతున్నది. కౌలు చేసుకొనే స్త్రీ పరిస్థితి మరీ గడ్డు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టడానికి యజమానులు జంకుతారు. భర్త ఆత్మహత్య చేసుకున్న కౌలు కుటుంబంలో స్త్రీకి అప్పు మాత్రం మిగులుతుంది, రైతు అనే గుర్తింపు మిగలదు. పంట పండించే ప్రతి ఒక్కరినీ, కౌలుదారును, కూలీని కూడా రైతుగా పరిగణించాలని 2007 జాతీయ రైతు విధానం స్పష్టంగా చెప్పింది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుని బిల్లు, భూమి పట్టాతో నిమిత్తం లేకుండా గ్రామసభ ఆమోదంతో ప్రతి మహిళా రైతుకు ధ్రువపత్రం ఇవ్వాలని ప్రతిపాదించింది. ఆ బిల్లు చర్చకు నోచుకోకుండానే మురిగిపోయింది. స్వాతంత్ర్యానంతర వ్యవసాయ శాసనాల చరిత్రలో చేజారిన మంచి అవకాశాలలో అదొకటి.

ధర మాట కూడా చెప్పుకోవాలి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొన్నాక నగరాల దుకాణాలలో కొర్రలు, సామలు అందమైన పొట్లాలలో ఖరీదైన సరుకయ్యాయి. పండించిన మెట్ట రైతుకు అందులో దక్కే వాటా స్వల్పం. ఈ గింజ ధనికుల ఆరోగ్యపు తిండిగా మారి, దానిని కాపాడుకొచ్చిన పేద ఇల్లు పాలిష్ బియ్యానికే పరిమితమైతే అంతకన్నా అన్యాయం లేదు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా, అప్పట్లో కిలో రూపాయికి, రేషన్ దుకాణంలో ఇచ్చే వీలు కల్పించింది. జిల్లాలో పండిన జొన్నను మద్దతు ధరకు కొని, అదే జిల్లా రేషన్ దుకాణాలలో, అంగన్‌వాడీలలో, బడి మధ్యాహ్న భోజనంలో వడ్డిస్తే, కొనుగోలుదారు ఉన్నాడనే ధైర్యంతో బీడు మళ్లీ సాగవుతుంది. ఇది కొత్త ఆలోచన కాదు, మూడు దశాబ్దాల క్రితం జహీరాబాద్ సంఘాలు చేసి చూపినదే.

ఐక్యరాజ్య సమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ప్రకటన పల్లెకు చేరాలంటే పల్లెలోనే మొదలుకావాలి. ఈ ప్రసంగం వింటున్న గ్రామ పంచాయతీ సభ్యులు, మహిళా సమాఖ్యల నాయకురాళ్లు రాబోయే గ్రామసభలో తమ ఊరిలో సొంతంగా గానీ కౌలుకు గానీ సేద్యం చేస్తున్న ప్రతి స్త్రీ పేరు, ఆమె సాగుచేసే విస్తీర్ణం, వేసిన పంటలు ఒక పుస్తకంలో రాయించి, తీర్మానం చేసి, ఆ ప్రతిని మండల వ్యవసాయాధికారికి అందజేయవలసిందిగా విజ్ఞప్తి.